పెళ్ళికూతురి బండికి డ్రైవరు

నాగాయలంక సెంటర్లో సీమోను టైలరింగ్ షాపు తెలియనివాళ్ళు లేరు. చొక్కా కొలతలకి అతనికి టేపు అక్కర్లేదనీ, మనిషి గుమ్మంలో నిలబడితే చూపుతోనే కొలిచేస్తాడనీ చెప్పుకుంటారు. ఆ చూపు వల్లే అతనికి సుఖం లేకుండా పోయింది. ఎదుటివాడి చేతికి కొత్త వాచీ వచ్చినా, పక్కింటివాళ్ళు కొత్త గేటు పెట్టించినా ముందు అతని కంట్లోనే పడుతుంది. పడ్డది నలుసులా అక్కడే ఉండిపోతుంది. మనిషి చెడ్డవాడు కాదు, ఒకరి సొమ్ముకి ఆశపడడు. ఒకరికి ఉన్నది తనకి లేదే అన్న బాధ మాత్రం అతన్ని ప్రశాంతంగా అన్నం తిననివ్వదు.

ఊళ్ళోవాళ్ళ మీద ఉన్న కుళ్ళంతా పోయి పోయి చివరికి ఒక్క మనిషి దగ్గరికి చేరింది. అతను సీమోను తోడల్లుడు ఉదయ్ కిరణ్.

సీమోను మావగారు దైవాధీనం గుడ్లవల్లేరులో రైసుమిల్లు లారీ నడిపేవాడు. మగపిల్లలు లేరు, ముగ్గురూ ఆడపిల్లలే. పెద్దది కృపావతి, సీమోను భార్య. రెండోది జ్యోతిర్మయి, బందరులో ఉంటుంది, ఆమె భర్తే ఉదయ్. ఆఖరిది దీవెన. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఏ గ్రంథంలోనూ లేదు, దైవాధీనం పెట్టిందే. పెళ్ళికూతుర్ని చర్చికి తీసుకెళ్ళే బండి తండ్రే నడపాలి. కృపావతి పెళ్ళికి మిల్లు యజమానిని అడిగి జీపు తెచ్చి, ఇస్త్రీ చేయించిన తెల్లచొక్కా తొడుక్కుని తానే నడిపాడు. జ్యోతిర్మయి పెళ్ళికి అద్దెకారు డ్రైవర్ని పక్కసీట్లోకి జరగమన్నాడు. ఊళ్ళోవాళ్ళ ధాన్యమంతా గింజ రాలకుండా చేరవేసినవాణ్ణి, నా పిల్లని వేరేవాడి చేతికి ఇస్తానా అనేవాడు.

పోయినేడాది వానాకాలంలో ఆయనకి గుండెల్లో నొప్పి వచ్చింది. ఉదయ్ బందరు నుంచి కారేసుకుని వచ్చి, ఆయన్ని చేతులమీద ఎత్తుకుని వెనకసీట్లో పడుకోబెట్టి బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కబురు అందగానే సీమోనూ బయల్దేరాడు. అవనిగడ్డలో ఒక బస్సు మారి, చల్లపల్లిలో ఇంకో బస్సు కోసం వానలో నిలబడి, అతను బందరు చేరేసరికి అత్తగారు ఆసుపత్రి మెట్లమీద కూలబడి ఉంది. అంతా అయిపోయింది.

మావగారంటే సీమోనుకి ప్రాణం. తండ్రి లేని తనని ఇంటికి పిలిచి పిల్లనిచ్చి, మొదటి మిషను కొనిపెట్టిన మనిషి ఆయన. సమాధుల తోటకి పెట్టె మోసేటప్పుడు ముందువైపు ఉదయ్ భుజం పట్టాడు, సీమోనుకి వెనకవైపు దొరికింది. దారిలో ఎవరో ముసలమ్మ, రెండో అల్లుడు కారుతో రాబట్టి ఆసుపత్రి గడపన్నా తొక్కాడు మారాజు, అంది. ఆ మాట సీమోను చెవిలో పడింది. మావగారు పోయిన దుఃఖమూ, తోడల్లుడి మీద కడుపుమంటా ఒక్కరోజే వచ్చి మీద పడ్డాయి. ఆ తర్వాత ఏది ఏదో వేరు చేసుకోవడం అతనివల్ల కాలేదు.

మంచు రోజులు వచ్చేసరికి షాపులో చీర అంచులు కుట్టే పీకో మిషను అమ్మేశాడు. ముదినేపల్లిలో ఒక చేపల చెరువుల రైతు దగ్గర పన్నెండేళ్ళ పాత కారు కొన్నాడు.  ఎందుకు కొన్నాడో కృపావతికి తెలుసు.

ఇంజను బాగుంది, టైర్లు బాగున్నాయి. ఉదయ్ కారు పక్కన పెడితే మాత్రం దాని రంగు వెలిసిపోయిన పాత పరదాలా కనిపించేది. దాంతో సీమోను రోజూ పొద్దున్నే బండికి స్నానం చేయించడం పట్టుకున్నాడు. కాలువ నీళ్ళు ఉన్నన్నాళ్ళూ బాగానే జరిగింది. వేసవి వచ్చి కాలువ కట్టేశాక వాకిట్లో ఉన్న బోరే దిక్కయింది. ఆ నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పుకషాయం. నీళ్ళు పట్టిన బిందెలకే తెల్ల చారలు కడుతున్నాయి, బండికెందుకండీ అని కృపావతి అడ్డం వచ్చింది. నాకు తెలియదా అని, పైన పోసిన నీళ్ళు ఆరకముందే తాగేనీళ్ళలో గుడ్డ ముంచి తుడిచేవాడు. రంగుమీద చార పడనివ్వలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. ఉదయ్ బానెట్ ఎత్తితే లోపల అన్నం పెట్టుకుని తినేంత శుభ్రంగా ఉంటుందని జ్యోతిర్మయి ఎప్పుడో అన్నది గుర్తుంది. తన బండికీ బానెట్ ఎత్తి ఇంజను మీదకి గొట్టంతో ఆ బోరు నీళ్ళే కొట్టేవాడు. లోపలికి గుడ్డ పెట్టి తుడవడానికి చెయ్యి దూరదు. కనపడనిచోట చార పడితే ఎవరు చూడొచ్చారు అనుకున్నాడు.

ఏప్రిల్ నెలలో మొదలైంది. ఒక పొద్దున తాళం తిప్పితే డాష్‌బోర్డులో ఎర్ర దీపాలు వెలిగి, చటుక్కున ఆరిపోయాయి. ఇంజను దగ్గర టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. మళ్ళీ తిప్పితే ఆ టక్కు కూడా లేదు. మూడోసారికి ఏమీ జరగనట్టు నున్నగా స్టార్టయింది. రెండురోజులు బాగానే ఉండి ఆదివారం చర్చి ముందు, అందరూ చూస్తుండగా మొండికేసింది. యువజన సంఘం పిల్లలు పాటలు పాడుకుంటూ తోశారు. ఇంకో రోజు హారను మేకపిల్ల గొంతుతో అరిచింది. సిగ్నలు వేస్తే హెడ్‌లైట్లు మసకబారేవి. చచ్చి బతికినప్పుడల్లా డాష్‌బోర్డులో గడియారం పన్నెండుకి వెళ్ళి కూర్చునేది.

బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాడు. నాలుగురోజులు నవ్వుతూ తిరిగాడు, అయిదోరోజు మళ్ళీ టక్కు. ఇంజన్ని లేపే సెల్ఫ్ మోటారులో కార్బన్లు అరిగాయని ఒకరు విప్పి మార్చారు. ఫ్యూజులన్నీ పీకి మళ్ళీ గుచ్చారు. అవనిగడ్డలో కారు ఎలక్ట్రీషియను ధనరాజు దగ్గరికి తీసుకెళ్తే, ఆ గుమ్మంలో మాత్రం అది తాళం ముట్టుకోగానే లేచేది. ఇక్కడ బాగానే ఉంది కదండీ, ఆగిపోయినప్పుడు పిలవండి, నడుస్తున్నప్పుడు తెచ్చి ప్రయోజనం లేదు అని ధనరాజు తిప్పి పంపాడు.

సంగతి విని ఉదయ్ ఫోను చేశాడు. అమ్మేయి అన్నయ్యా, ఎందుకొచ్చిన తలనొప్పి, మేమున్నాం కదా ఎక్కడికి వెళ్ళాలన్నా, అన్నాడు. మంచి మనసుతోనే అని ఉంటాడు. సీమోనుకి మాత్రం ఒళ్ళు మండింది. నేను జీవితాంతం బస్సులోనే వెనకాల రావాలి, వీడు ముందు కారులో వెళ్ళాలి, అదీ వీడి కోరిక అని భార్య దగ్గర గొణిగాడు. నలుగురూ తోసి నవ్వినప్పుడల్లా, ఉదయ్ బండి ఒక్కరోజైనా ఆగదేం అని మనసులో ఎదురుచూసేవాడు.

ఈలోగా దీవెనకి సంబంధం కుదిరింది. అబ్బాయి బందరు, పెళ్ళి కూడా అక్కడి చర్చిలోనే. ఇంటి ఆచారం ఎలాగన్న మాట వచ్చినప్పుడు అత్తగారు ఆలోచించకుండా చెప్పింది. తండ్రి లేడు గనక తండ్రి చోట పెద్దల్లుడే కూర్చుని నడపాలి, అని. ఆ రోజు సీమోను నేలమీద నడవలేదు. దీవెన పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ అతనికి తెలుసు. స్కూలు యూనిఫాం దగ్గర్నుంచి పెళ్ళిజాకెట్టు దాకా అతని చేతి కుట్టే.

ప్రధానానికి అందరూ బందరు వెళ్ళారు. తాంబూలాల బదులు బైబిళ్ళు మార్చుకుని, ఉంగరాలు తొడిగి, భోజనాలయ్యాక మగపెళ్ళివారు సాగనంపడానికి వాకిట్లోకి వచ్చారు. సీమోను దీవెననీ అత్తగారినీ ఎక్కించుకుని దర్జాగా తాళం తిప్పాడు. టక్కు. మళ్ళీ తిప్పాడు. ఏమీ లేదు. పెళ్ళికొడుకు మావయ్య ఒకాయన, నెట్టమంటారా అండీ, అని మర్యాదగానే అడిగాడు. ఉదయ్ తలుపు తీసి, అత్తయ్యా, మన బండిలోకి రండి, అన్నాడు. ఆ 'మన' అన్న మాట సీమోనుకి గుచ్చుకుంది.

నాలుగురోజుల తర్వాత అత్తగారే ఫోను చేసింది.

"బాబూ, ఏమనుకోకు. పెళ్ళిరోజు ఉదయ్ బండే పెడదాం. ఉదయే నడుపుతాడు."

"నేను బాగు చేయించేస్తాను అత్తయ్యా."

"చేయించు. అయినా ఆ ఒక్కరోజూ నాకు భయం పెట్టకు."

ఆ మర్నాడే బండి వాకిట్లో చచ్చింది. సీమోను చెయ్యి కూడా వెయ్యకుండా ధనరాజుకి ఫోను కొట్టాడు. అతను మోటారుసైకిలు మీద వచ్చి ముందు బ్యాటరీకి మీటరు పెట్టాడు. పన్నెండున్నర వోల్టులు, నిక్షేపంగా ఉంది. తర్వాత ఒక తీగ బ్యాటరీ మైనస్ మీద, రెండో తీగ ఇంజను ఇనుము మీద ఆనించి తాళం తిప్పమన్నాడు. ఆ రెంటి మధ్యా ఏమీ చూపించకూడదు, చూపిస్తే దారిలో అడ్డం ఉన్నట్టు, అన్నాడు. మీటరు ఎనిమిది చూపించింది.

మైనస్ నుంచి బండి బాడీకి వెళ్ళే లావుపాటి నల్ల తీగ దగ్గరికి చెయ్యి పోనిచ్చి బోల్టు విప్పాడు. కింద ఉప్పు కొటారులో గీకినంత తెల్ల పొడి, దానికింద తుప్పు.

"ఎర్త్ అందట్లేదండీ. కరెంటు ఎర్ర తీగలో వెళ్ళి, బాడీ మీదుగా ఈ నల్ల తీగలోకే తిరిగి రావాలి. ఇక్కడ ఒకసారి తగుల్తోంది, ఒకసారి తగలట్లేదు. అందుకే మా దగ్గరికి వస్తే నడిచింది. దారి కుదుపుకి సర్దుకునేది. గడియారం పన్నెండుకి పోతోందన్నప్పుడే నాకు తట్టాల్సింది." మళ్ళీ అతనే, "లోపలికి బోరు నీళ్ళు కొట్టారా?" అన్నాడు.

"లేదే," అన్నాడు సీమోను.

కృపావతి బిందె చంకన పెట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆ మాట విని లోపలికి వెళ్ళిపోయింది.

ధనరాజు ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో గీకి, తీగ కొసకి బోల్టు దూరే కొత్త చెవి వేసి, బోల్టు గట్టిగా బిగించి పైన గ్రీజు పూశాడు. ఎంత కొత్త బండయినా ఈ బోల్టు వదులైతే ఇంతేనండీ అని, స్పానరు తుడుచుకుంటూ అన్నాడు. అలాంటి స్పానరు ఒకటి సీమోను కూడా కొనుక్కుని జేబులో వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. అవసరం రాలేదు. బండి మళ్ళీ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ సంగతి గుడ్లవల్లేరు ఫోను చేసి చెప్పాడు. మంచిమాట బాబూ అంది అత్తగారు. బండి సంగతి మాత్రం మార్చలేదు. ఆగిపోయే బండి అన్న పేరు వచ్చాక, బాగైందని ఎవరికి చెప్పినా తలాడిస్తారు గానీ నమ్మరు.

పెళ్ళిరోజు పొద్దున్నే గుడ్లవల్లేరు వాకిట్లో రెండు కార్లూ పక్కపక్కన ఉన్నాయి. పువ్వులూ రిబ్బన్లూ తెచ్చి ఉదయ్ సీమోను చేతిలో పెట్టాడు. నీ చేతిలో ఉన్న పనితనం ఎవరికుంది అన్నయ్యా, నా బండి నువ్వే అలంకరించు, అని తాళాలిచ్చి స్నానానికి వెళ్ళిపోయాడు. నేను నడపాల్సిన బండికి నేనే పువ్వులు కట్టి నీకివ్వాలి కాబోలు అనుకున్నాడు సీమోను. రిబ్బను కొసలు లోపలికి ముడి వెయ్యాలంటే బానెట్ ఎత్తాలి. ఎత్తాడు. జ్యోతిర్మయి అన్నది నిజమే, లోపల అద్దంలా ఉంది. నల్ల తీగ ఎదురుగానే కనిపించింది.

వాకిట్లో ఆగిపోతే ఎవరికీ నష్టం లేదు. పక్కనే నా బండి ఉంది. దీవెన అందులో ఎక్కుతుంది, అంతే కదా. ఇలా అనుకుంటూనే జేబులోంచి స్పానరు తీశాడు. బోల్టు రెండు చుట్లు వదులు చేశాడు. తర్వాత రిబ్బన్లు కట్టాడు. ఎప్పుడూ కట్టనంత అందంగా కట్టాడు.

దీవెన తెల్లచీరలో, తలమీద ముసుగుతో వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. సీమోను కళ్ళు మూసుకోలేకపోయాడు. ఆమెన్ అనగానే ఉదయ్ తాళం తిప్పాడు.

బండి ఒక్క దెబ్బకి స్టార్టయింది.

మొదట అతనికి కోపం వచ్చింది, ఈ బండికి ఇది కూడా అంటదా అని. కారు మలుపు తిరిగి రోడ్డెక్కాక కోపం పోయి భయం పట్టుకుంది. తన బండి సంగతి తనకి తెలియదా? అది ఆగదల్చుకున్న చోట ఆగుతుంది గానీ, మనం అనుకున్న చోట ఆగుతుందా? పక్కన కృపావతిని కూర్చోబెట్టుకుని వెనకాలే వెళ్తున్నాడు. ముందుకారు గుంతలో పడి లేచినప్పుడల్లా అతని గుండె కూడా పడి లేచింది. కృపావతి రెండుసార్లు అతని మొహం చూసింది. ఎండకి అలా ఉన్నారా అని అడిగింది. అవునన్నాడు.

పెడన దగ్గర రైలు గేటు వేసి ఉంది. గేటు పడితే ఇంజను ఆపేయడం ఉదయ్‌కి అలవాటు. ఆపాడు. రైలు వెళ్ళిపోయింది, గేటు లేచింది. ముందున్న లారీ కదిలింది. పెళ్ళికారు కదల్లేదు. వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి.

సీమోను దిగి వెళ్ళేసరికి ఉదయ్ మొహమంతా చెమట. దీపాలు కూడా రావట్లేదన్నయ్యా, ఇలా ఎప్పుడూ లేదు, అన్నాడు. అత్తగారు అప్పటికే తలుపు తీసేసింది.

"బాబూ, దేవుడు నిన్ను వెనకాలే ఉంచాడు. పిల్లని నీ బండిలో ఎక్కించేద్దాం పద."

ఇన్నాళ్ళూ అతను కోరుకున్నది ఆ ఒక్కమాటే. అడక్కుండా, అందరి ముందూ, ఆవిడ నోటితోనే వచ్చింది. దీవెన చీర కుచ్చిళ్ళు కూడగట్టుకుని దిగబోయి, దిగకుండా ఆగిపోయింది. ముసుగులోంచి బావ వంక చూసింది. కాటుక చెంపలమీదకి వచ్చేసింది.

"నాన్నే ఆపాడేమో బావా. ఆయన లేకుండా వెళ్ళిపోతున్నానని."

అత్తగారు చప్పుడు లేకుండా ఏడవడం మొదలుపెట్టింది. సీమోనుకి ఆసుపత్రి మెట్లు కళ్ళకి కట్టాయి. ఆ మనిషి పెట్టె మోసినప్పుడు కూడా ఇంత బరువు అనిపించలేదు.

"నాన్న కాదమ్మా," అన్నాడు. "బోల్టు వదులైంది, అంతే. దిగకు, కూర్చో."

బానెట్ ఎత్తి, జేబులోంచి స్పానరు తీసి, ఎక్కడా వెతక్కుండా నల్ల తీగ దగ్గరికి చెయ్యి పోనిచ్చాడు. ఉదయ్ పక్కనే నిలబడి ఆ చేతినే చూస్తున్నాడు. రెండు చుట్లు బిగించి సీమోను తల ఎత్తాడు. ఉదయ్ మొహంలో చెమట ఉంది గానీ కంగారు లేదు, వేరే ఏదో వచ్చి కూర్చుంది.

"చూడకుండానే ఎలా తెలిసింది అన్నయ్యా?"

 సీమోనుకి అబద్ధం చెప్పడానికి కూడా నోరు రాలేదు. బానెట్ వేశాడు. వెనక లారీవాడు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో తిడుతున్నాడు.

ఉదయ్ లోపలికి వంగి తాళం తిప్పి చూశాడు. బండి లేచింది. గేటు దగ్గర పోగైనవాళ్ళు, పెద్దల్లుడు కాబట్టి సరిపోయింది అని మెచ్చుకున్నారు. ఉదయ్ మాత్రం సీట్లో కూర్చోలేదు. సీమోను దగ్గరికి వచ్చి, అత్తగారికి వినపడనంత నెమ్మదిగా అన్నాడు.

"నువ్వే నడుపు. మళ్ళీ ఆగితే ఎక్కడ చూడాలో నీకే కదా తెలుసు. నీ తాళం ఇలా ఇవ్వు."

ఆ గొంతులో వేళాకోళం లేదు, క్షమించడమూ లేదు. సీమోను తన తాళం అతని చేతిలో పెట్టాడు.

అలా అతను మావగారి చోట కూర్చున్నాడు. కారు పెడన బజారు దాటి బందరు రోడ్డున పడింది. వెనకసీట్లో అత్తగారు కళ్ళు తుడుచుకుని, మీ మావయ్య చూస్తుంటే ఎంత సంతోషించేవాడో అంటోంది. దీవెన కాటుక సరిచేసుకుంటోంది. చక్రం తేలిగ్గా, మెత్తగా తిరుగుతోంది. ఇంత మంచి బండి తను ఎప్పుడూ నడపలేదు. అయినా ఆ నడపడంలో అతనికి ఏ రుచీ లేదు, చేతికి వచ్చిన అన్నంలో ఉప్పు వెయ్యడం మరిచిపోయినట్టు.

అద్దంలో తన పాత కారు కనిపించింది. ఉదయ్ నడుపుతున్నాడు, పక్కన కృపావతి అతనికి ఏదో చెప్తోంది. బోరు నీళ్ళ సంగతే చెప్తోందేమో. ఉదయ్ తల ఊపుతున్నాడు. ఆ బండి ఒక్క కుదుపు లేకుండా, ఎంతో ఒద్దికగా వెనకాలే వస్తోంది. తన చేతిలో ఒక్కరోజూ అంత బుద్ధిగా నడవలేదు కదా అని సీమోనులో ఆ పాత కుళ్ళే మళ్ళీ తలెత్తింది. తనమీద తనకే అసహ్యం వేసి, అద్దాన్ని పక్కకి తిప్పేశాడు.

చర్చి మెట్ల దగ్గర దిగి, తలుపు తీసి పట్టుకున్నాడు. దీవెన అతని చెయ్యి పట్టుకుని దిగింది. లోపల పాట మొదలైంది. మొదటి వరసలో అతనికీ ఉదయ్‌కీ మధ్య ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది, ఇద్దరూ దానివంక చూడలేదు. ఉదయ్ కారు తాళం ఇంకా తన జేబులోనే ఉందనీ, తన తాళం అతని దగ్గరే ఉండిపోయిందనీ రెండో చరణంలో సీమోనుకి గుర్తొచ్చింది. పాట అయిపోయింది, ప్రార్థన కూడా అయిపోయింది. ఇద్దరిలో ఎవరూ అడగలేదు.